ఆయిలు తగ్గుతూనే ఉంది

ఘాట్ రోడ్డులో కారు బోల్తా పడితే మర్నాడు పేపర్లో 'బ్రేకులు ఫెయిలై' అని ఒక్క ముక్కతో తేల్చేస్తారు. బ్రేకు పని తెలిసిన పాత మేస్త్రీ ఆ మాట ఒప్పుకోడు. పాత కారుకు బ్రేకు ఒక్క పూటలో పోదు. ముందు పెడల్ రోజూ ఆగేచోట ఆగకుండా ఇంకాస్త కిందికి దిగుతుంది. తరవాత బండి ఆగేటప్పుడు ఒక పక్కకు లాగుతుంది. సన్నగా కూస్తుంది. ఏదో ఒక చక్రం దగ్గర మాడిన వాసన వస్తుంది. డబ్బాలో ఆయిలు గీత కిందికి జారుతుంది. నెలల తరబడి ఇన్ని రకాలుగా మొరపెట్టుకుని, వినే నాథుడు లేక, ఆఖరున ఏ మలుపు దగ్గరో చేతులెత్తేస్తుంది. పేపరుకు తెలిసేది ఆ ఆఖరి క్షణం ఒక్కటే.

అంబాసిడర్ పోయినప్పుడూ అంతే. 2014 మే 24న పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపరా ఫ్యాక్టరీలో పని ఆపేస్తున్నట్టు హిందుస్థాన్ మోటార్స్ నోటీసు పెట్టింది. ఒక యుగం ముగిసిందని అందరూ నిట్టూర్చారు. కానీ ఆ కారు కింద వెల్లకిలా పడుకుని బతుకు వెళ్లదీసినవాళ్లకు, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో, ఊరూరా టాక్సీ స్టాండ్ల పక్కన రేకుల పాకల్లో డ్రమ్ములు విప్పినవాళ్లకు అది కొత్త కబురేమీ కాదు. వాళ్లు ఆ రోగిని చిన్నప్పటినుంచీ ఎరుగుదురు. ఈ గాథ ఆ కారుదీ, దాన్ని అన్నాళ్లు బతికించి చివరకు దానితోపాటే కూలిన ఆ పనివాళ్లదీ.

ఆ కారు పుట్టింది పరాయి గడ్డ మీద. ఇంగ్లండులో మోరిస్ కంపెనీ చేసిన ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారునే బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1957లో అంబాసిడర్ పేరుతో ఇక్కడ తయారుచేయడం మొదలుపెట్టింది. కన్నదేశంలో ఆ మోడల్ 1959తోనే ఆగిపోయింది. ఇక్కడ మాత్రం అదే బొద్దు నడుం, అదే గుండ్రటి నుదురు మరో 55 ఏళ్లు రోడ్డు మీద తిరిగాయి. లైసెన్సుల రోజులవి. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ అనే మూడు పేర్లు దాటితే కొనడానికి కారంటూ లేదు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. కలెక్టరుగారు దిగేది అందులోంచే. మంత్రిగారి బుగ్గ కారూ అదే. కొత్త పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లినా, పురిటి నొప్పులు పడుతున్న మనిషిని పట్నం ఆస్పత్రికి తీసుకుపోయినా, పోయినవారిని కడసారి ఊరికి తెచ్చినా అందులోనే. ముందు నలుగురు, వెనక అయిదారుగురు ఎక్కి, డ్రైవరు సగం తలుపు బయట కూర్చుని నడిపినా వెనక కమాన్ కట్టలు మూలుగుతూనే మోసేవి. గేదెలు దిగే చెరువుగట్టు దారిలో కూడా పోయేది. పానా, సుత్తి పట్టడం తెలిసిన మనిషుంటే ఏ ఊళ్లోనైనా బాగయ్యేది. 1980ల మధ్యలో ఏడాదికి 24 వేల దాకా అమ్ముడయ్యేది.

టన్నుకు పైబడిన ఆ బరువును, మీద ఎక్కిన జనాన్ని ఆపాల్సింది నాలుగు ఇనప డ్రమ్ములు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్లో పిస్టన్ ఆయిలును నెడుతుంది. ఆ ఒత్తిడి సన్నటి గొట్టాల వెంట వీల్ సిలిండర్లకు చేరి షూలను రెండు పక్కలకూ తెరుస్తుంది. షూల మీది లైనింగ్ తిరుగుతున్న డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకుని పట్టుకుంటుంది. తొలినాటి బండ్లలో ఈ ఆయిలు దారి నాలుగు చక్రాలకూ కలిపి ఒక్కటే. ఎక్కడ ఒక్క రబ్బరు కప్పు చిరిగినా, ఒక్క గొట్టం తెగినా నాలుగింటికీ బ్రేకు సున్నా. ఇక దిక్కు హ్యాండ్ బ్రేకు. దాని కేబుల్ వేరు, అది పట్టేది వెనక చక్రాలనే. రెండు దారులుగా విడదీసిన మాస్టర్ సిలిండర్ తరవాతి కాలపు బండ్లకు గానీ రాలేదు.

ఇలాంటి బండి షెడ్డుకు వస్తే మేస్త్రీ వెంటనే పానా తీసేవాడు కాదు. ముందు డ్రైవరు చేత మాట్లాడించేవాడు.

"ఏవయ్యా, ఏం చేస్తోంది?"

"బ్రేకు అందట్లేదు మేస్త్రీగారూ."

"మొదటి తొక్కుకా, రెండో తొక్కుకు కూడానా?"

సగం వైద్యం ఆ ప్రశ్నలోనే ఉంది. మొదటి తొక్కుకు కిందికంటా పోయి, వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే పైకి లేచి గట్టిపడుతోందంటే లైనింగ్ అరిగి, షూకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరిగిందన్నమాట. చక్రాన్ని జాకీ మీదికి ఎత్తి, షూ డ్రమ్ముకు తగిలేదాకా అడ్జస్టర్ బిగించి, చక్రం తేలిగ్గా తిరిగేంత వెనక్కి వదిలితే సరిపోతుంది. పైకి లేచినా కాలి కింద మెత్తగా ఊగుతుంటే గొట్టాల్లో గాలి చేరింది. ఆయిలు నలగదు, గాలి నలుగుతుంది. తొక్కిన బలం కాస్తా గాలిని అణచడానికే ఖర్చవుతుంది. పెడల్ అదిమిపట్టి ఉంచినప్పుడు మెల్లమెల్లగా నేలకు దిగిపోతుంటే రెండిట్లో ఒకటి: బయట ఎక్కడో కారుతోంది, లేదా చుక్క కూడా బయట పడకుండా మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు పక్కనుంచి ఆయిలు వెనక్కి జారుకుంటోంది. పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే, లైనింగ్ వేడికి కాలి నునుపెక్కింది, లేదా దాని మీదికి గ్రీజో ఆయిలో చేరింది. తొక్కినప్పుడల్లా పెడల్ అదురుతుంటే డ్రమ్ము గుండ్రం తప్పింది, లేతు మీద కోయించాలి. ఇనుము ఇనుమును గీరే చప్పుడు వస్తే లైనింగ్ అయిపోయి రివిట్లు డ్రమ్మును తినేస్తున్నాయి.

కొత్త పనివాళ్లు తడబడేది బండి పక్కకు లాగినప్పుడు. బ్రేకు కొడితే ఎడమకు లాగుతోందంటే వాళ్లు ఎడమ చక్రం విప్పేవారు. మేస్త్రీ వెళ్లి కుడి చక్రం దగ్గర కూర్చునేవాడు. ఎటు లాగిందో అటు బ్రేకు పడుతోంది, పట్టనిది రెండో పక్క. అక్కడ విప్పితే వీల్ సిలిండర్ తుప్పుతో బిగుసుకుపోయి ఉండేది, లేదా సీలు పోయి లైనింగ్ తడిసి ఉండేది. అదీ కాకపోతే రబ్బరు హోసు లోలోపల ఉబ్బి దారి మూసేసి ఉండేది. పైకి చూస్తే ఆ హోసుకు ఏ లోపమూ కనపడదు. ఆ హోసుకే ఇంకో మాయ తెలుసు. కాలి బలానికి ఆయిలును లోపలికి పోనిస్తుంది, కాలు తీశాక మాత్రం వెనక్కి రానివ్వదు. అప్పుడా చక్రం వదలకుండా పట్టేసి కాలిపోతుంది. అందుకే కాస్త దూరం నడిపించి తెచ్చిన బండికి నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూసేవాడు. ఒక్కటే కాలుతుంటే రోగం ఆ చక్రానిది. నాలుగూ కాలుతుంటే రోగం పైన ఉంది: పెడల్‌కు ఆట లేకపోయుండాలి, లేదా మాస్టర్ సిలిండర్లోకి ఆయిలు తిరిగొచ్చే సన్నటి రంధ్రం మూసుకుపోయుండాలి.

ఒకోసారి డబ్బా మూత తీసి వాసన చూడగానే తిట్లు లంకించుకునేవాడు. దారిలో బ్రేకు ఆయిలు దొరక్క డ్రైవరు ఇంజను ఆయిలు పోసి ఉంటాడు. అది తగిలితే బ్రేకు రబ్బర్లు ఉబ్బి మెత్తబడతాయి. ఇక ఒకటీ అరా మారిస్తే లాభం లేదు. మాస్టర్ మొదలు నాలుగు చక్రాల దాకా రబ్బరన్నదల్లా మార్చి, గొట్టాలు కడిగి, మళ్లీ మొదట్నుంచి ఆయిలు పట్టాలి.

ఈ విద్యకు బడి లేదు. నిపిల్ విప్పి గాలి తీసేటప్పుడు మేస్త్రీ కారు కింద, చదువు మాని పనిలో చేరిన కుర్రాడు డ్రైవరు సీట్లో. "తొక్కరా... ఇంకోసారి... పట్టుకో... ఊఁ, వదులు." దూరపు చక్రంతో మొదలుపెట్టి దగ్గరి చక్రం దాకా ఇదే మంత్రం. కింద సీసాలో బుడగలు ఆగడం మేస్త్రీ కంటికి తెలిసేది. ఒక్కో చక్రం అయ్యేకొద్దీ పెడల్ బిగుసుకోవడం కుర్రాడి అరికాలికి తెలిసేది. ఇలా కొన్నేళ్లు తొక్కిన పాదం, ఆ తరవాత ఏ బండి ఎక్కినా ఒక్క తొక్కుతో రోగం చెప్పేది.

దానికి ఫీజు ఊపిరితిత్తులు కట్టాయి. డ్రమ్ము ఊడదీయగానే లోపల పేరుకున్న నల్లపొడిని నోటితో ఊదేవారు, లేదంటే గాలి పైపుతో కొట్టేవారు. ఆనాటి లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని పోగులు రొమ్ములో చేరితే ఇరవై ముప్పయ్యేళ్లకు గానీ బయటపడని జబ్బులు వస్తాయి. ఏ మేస్త్రీ దగ్గు ఏ బండి పెట్టిన దగ్గో లెక్క తీసినవారు లేరు.

ఇంత తెలిసినవాడు ఎదురుగా ఉన్నా, బండి యజమాని చాలాసార్లు అడిగేది ఒక్కటే: "ఇప్పటికి ఆయిలు పోసి పంపెయ్ మేస్త్రీ, పండగ వెళ్లాక చూద్దాం."

బ్రేకు ఆయిలు పెట్రోలు మాదిరి ఖర్చయ్యే వస్తువు కాదు. లైనింగ్ అరిగేకొద్దీ మట్టం కొద్దిగా దిగుతుంది, అంతే. అంతకు మించి దిగితే ఎక్కడో కారుతున్నట్టే. పైనుంచి పోసింది రోగాన్ని తగ్గించదు, కనపడకుండా కప్పుతుంది. వెనక చక్రంలో సిలిండర్ కారితే ఆ చుక్కలు నేల మీద పడేకంటే ముందే డ్రమ్ములో షూలను తడుపుతాయి. పైన డబ్బా నిండుగా ఉంటుంది, యజమాని నిశ్చింతగా ఉంటాడు, లోపల బ్రేకు చస్తుంటుంది.

ఉత్తరపరాలో జరిగిందీ ఇదే. 1960ల్లో మార్క్ 2 వచ్చింది. 70ల్లో మార్క్ 3, మార్క్ 4 వచ్చాయి. వచ్చినప్పుడల్లా ముందు గ్రిల్లు మారింది, లైట్లు మారాయి, పేరు పక్కన అంకె మారింది. ఒంటి కట్టు మాత్రం మోరిస్‌దే. తప్పు కంపెనీది ఒక్కదానిదే అనడం న్యాయం కాదు. ఎన్ని కార్లు చేయాలో ఢిల్లీ చెప్పేది. బయటి దేశం నుంచి కొత్త సామాను తేవాలంటే అనుమతుల మీద అనుమతులు కావాలి. అన్నిటికీ మించి, చేసిన ప్రతి కారూ అమ్ముడుపోయేది. కొనేవాళ్లు వరసలో నిలబడి ఉంటే డ్రమ్ము విప్పి చూసుకోవాలని ఎవరికి అనిపిస్తుంది?

ఇక్కడే అసలు విషాదం ఉంది. వేరే కారు లేదు గనక కొన్నవాడి ఫిర్యాదు ఉత్తరపరా దాకా ప్రయాణం చేసేది కాదు. పక్కవీధి షెడ్డు దగ్గరే ఆగిపోయేది. కొత్త బండి తాళాలు తీసుకున్నవాడు కూడా దాన్ని నేరుగా మేస్త్రీకి చూపించి, బోల్టులన్నీ ఒకసారి బిగించుకుని ఇంటికి తెచ్చుకునే కాలమది. ఫ్యాక్టరీ వదిలేసిన పని దేశం నిండా ఉన్న పాకల్లో పూర్తయ్యేది. దొరకని భాగానికి మేస్త్రీ లేతు మీద మారుభాగం చేయించేవాడు. అరిగిన షూకు కొత్త లైనింగ్ రివిట్లతో కొట్టించేవాడు. గీతలు పడిన సిలిండర్‌ను ఎమెరీ కాగితంతో రుద్ది మరో ఏడాది నడిపించేవాడు. కంపెనీ డబ్బాలో తగ్గుతూ వచ్చిన ఆయిలును ఎప్పటికప్పుడు నింపింది ఈ పనితనమే. ఎంత బాగా నింపారంటే, ఎంత తగ్గుతోందో పైనవాళ్లకు ఎన్నడూ తెలియలేదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. చిన్నది, తేలికది, మేస్త్రీ అవసరం అంతగా లేనిది. దేశం ఒక్కసారిగా అటు లాగింది. లాగుతున్న పక్కన తప్పు వెతకడం కొత్త పనివాళ్ల అలవాటు. ప్రభుత్వ అండ ఉంది, జపాను సుజుకి చేయి ఉంది, అందుకే అది పరిగెడుతోందని చెప్పుకోవడం తేలిక. ఆ మాటల్లో నిజమూ ఉంది. కానీ పట్టు పోయింది రెండో పక్కన. 1990ల మొదట్లో అంబాసిడర్‌కు ఇసుజు 1800 సీసీ ఇంజను అమర్చారు. ఆ తరవాతి బండ్లలో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, కాలికి సాయంగా బూస్టరూ వచ్చాయి. అవి మంచి బండ్లే. కాకపోతే చేతులు కాలాక పట్టుకున్న ఆకులు.

బల్లపరుపు రోడ్డు మీద దాగిన లోపం ఘాట్‌లో బయటపడుతుందని తెలుగు డ్రైవర్లకు తెలుసు. వాళ్లకు పరీక్ష తిరుమల కొండ. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు కొండ దిగే దారి. దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు మీద కాలుంచితే డ్రమ్ము వేడెక్కి సాగి, షూకు దూరం జరుగుతుంది. లైనింగ్ పట్టు సడలుతుంది. అన్నిటికన్నా ప్రమాదం పాత ఆయిలు. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకునే రకం. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. గొట్టంలో ఆయిలు మరిగి ఆవిరైతే పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. బతికి బయటపడి కాసేపు ఆగితే ఆవిరి మళ్లీ ఆయిలవుతుంది, పెడల్ ఎప్పటి పెడలే. కొండ కింద షెడ్డులో చూపిస్తే ఏ లోపమూ దొరకదు. డ్రైవరు దేవుడి మీద ఒట్టేస్తాడు. తెలియని మెకానిక్ నవ్వుతాడు. తెలిసినవాడు "ఆయిలు మార్చి ఎన్నేళ్లయింది బాబూ?" అని అడుగుతాడు. ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగమని పెద్ద డ్రైవర్లు చెప్పింది కూడా ఇందుకే.

1991 సంస్కరణల తరవాతి కాలం అంబాసిడర్‌కు ఆ దిగుడు దారి. దేశదేశాల కంపెనీలు దిగాయి. మిగిలిన దర్జా కూడా ఒక్కొక్క మలుపులో జారిపోయింది. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీదికి వచ్చిన దుండగులు ఎర్రబుగ్గ పెట్టిన తెల్ల అంబాసిడర్‌లో వచ్చారు. గేటు దగ్గర ఆ కారుకున్న మర్యాదే వాళ్లకు ముసుగైంది. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర మందుపాతర పేలినప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు కూర్చున్నది బుల్లెట్‌ప్రూఫ్ అంబాసిడర్‌లోనే. ఆయన గాయాలతో బయటపడ్డారు. ఆ రోజుల్లోనే ప్రధాని వాజపేయి భద్రత కోసం బీఎండబ్ల్యూకు మారారు. మంత్రులు, కలెక్టర్లు వేరే కార్ల వైపు నడిచారు. ఒకనాడు 24 వేలు అమ్ముడైన కారు చివరి ఆర్థిక సంవత్సరంలో 2,200 దగ్గర ఆగింది. నోటీసు పడిన నాడు రెండు వేలకు పైబడిన కార్మికులు గేటు బయట మిగిలారు. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్సు కంపెనీ ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది.

షెడ్లకు నోటీసు ఎవరూ ఇవ్వలేదు. బండ్లు రావడం తగ్గింది, అంతే. కొత్త కార్ల బ్రేకులు ఎన్నో రెట్లు మేలైనవి. ఇందులో వాదన లేదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరైంది, దాని వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచి ఉంటాయో. ఇప్పుడు లోపాన్ని స్కానర్ చదువుతుంది. చెడిన సిలిండర్‌కు రబ్బర్ల కిట్టు వేయరు, సిలిండరే మార్చేస్తారు. గాలి తీయడం ఇప్పటికీ ఉంది గానీ, అరికాలితో రోగం చెప్పే మనిషి కోసం ఎదురుచూసే బండి లేదు. కొందరు షెడ్డు తీసేసి టైర్ల కొట్టు పెట్టారు. కొందరు కొడుకుల్ని ఈ పనికి రానివ్వలేదు. ముచ్చటపడి పాత అంబాసిడర్ నిలుపుకున్నవారు ఇప్పుడు కప్పుల కోసం, షూల కోసం ఊళ్లు తిరుగుతున్నారు. సామాను దొరికినా, బండి ఎడమకు లాగితే కుడి చక్రం విప్పే చెయ్యి దొరకడం కష్టంగా ఉంది.

ఆయిలు పోసి పంపమన్న ప్రతిసారీ "పొయ్యను, విప్పి చూడాల్సిందే" అని వాళ్లు పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది. ఏమీ అయ్యేది కాదు. యజమాని పక్క షెడ్డుకు పోయేవాడు, ఆ పూట వీళ్లింట్లో పొయ్యి వెలిగేది కాదు. ఫ్యాక్టరీ లోపాన్ని ఎత్తి చూపే అధికారం వాళ్లకు లేదు, దాన్ని సర్దే నేర్పు మాత్రం ఉంది. ఆ నేర్పుతోనే బతికారు, ఆ కారునూ బతికించారు. వాళ్లు అంత బాగా పని చేయకపోయుంటే అంబాసిడర్ రోగం ఎప్పుడో బయటపడి, చేసినవాళ్లు దాన్ని సరిదిద్దుకునేవారో, లేక అప్పుడే ఆపేసేవారో. బాగా చేశారు గనకే అది అన్నేళ్లు నడిచింది. నడిచినన్నాళ్లూ వాళ్లకు వేరే విద్య నేర్చుకునే తీరిక ఇవ్వలేదు.